స్నేహితులతో పెయింట్‌బాల్ ఆట – కళ్ళు జాగ్రత్త!



మన జహీరాబాద్ పిల్లలు ఒకప్పుడు స్నేహితులతో కలిసి హైదరాబాదు వెళ్తే జూ పార్కో, గోల్కొండ కోటో, సాలార్‌జంగ్ మ్యూజియమో చూసి సాయంత్రానికి బస్సెక్కి వచ్చేవారు. ఇప్పుడు కాలేజీ పిల్లలు ఏడెనిమిది మంది కలిసి తుఫాన్ బండి మాట్లాడుకొని వెళ్తున్నారు. వెళ్ళి ఏం చేశారని అడిగితే "పెయింట్‌బాల్ ఆడినాం సిస్టర్" అంటున్నారు. ఓ.పి.లో కూర్చున్న తల్లులు కొందరు మమ్మల్ని అడిగారు: "ఆ తుపాకుల ఆట మంచిదేనా సిస్టరమ్మా? పిల్లల్ని పంపొచ్చా, వద్దా?"

ఈ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పలేము. ఆట చెడ్డది కాదు. పిల్లలు ఎండలో పరుగెత్తుతారు, కలిసి ఆలోచిస్తారు, ఒకరినొకరు కాపాడుకుంటారు, నవ్వుకుంటారు. అయితే ఈ ఆటలో కంటికి ఒక పెద్ద ప్రమాదం ఉంది. దాన్ని తప్పించుకునే మార్గం కూడా చాలా సులువైనదే. ఆ రెండూ వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఈ ఆట ఏమిటి?

పెయింట్‌బాల్ ఆటలో రెండు జట్లు ఉంటాయి. ప్రతి ఒక్కరి చేతిలో తుపాకీలాంటి పరికరం ఉంటుంది. దీనిని మార్కర్ అంటారు. ఒత్తిడితో నింపిన గాలి గానీ, కార్బన్ డయాక్సైడ్ వాయువు గానీ ఇందులోని రంగు గోలీని ముందుకు తోస్తుంది. గోలీ ఎదుటివారికి తగిలి పగిలితే బట్టల మీద రంగు మరక పడుతుంది. మరక పడినవారు ఆ ఆటలో ఔట్. టైర్లు, డ్రమ్ములు, చెక్క గోడలు పేర్చిన మైదానంలో దాక్కుంటూ, పరుగెత్తుతూ ఆడతారు.

గోలీ పైపొర జిలటిన్‌తో చేస్తారు. మనం మింగే క్యాప్సూల్ మందుల పైపొర కూడా సాధారణంగా ఇదే. లోపల ఉండేది గోడలకు వేసే రంగు కాదు. అది నీటితో కడిగితే పోయే రంగు ద్రవం. సాధారణంగా అందులో పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే పదార్థం ఉంటుంది. మలబద్ధకానికి ఇచ్చే కొన్ని పొడి మందుల్లో ఉండేది కూడా ఈ జాతి పదార్థమే. చర్మానికి అంటినా, పొరపాటున నోట్లో కొంచెం పడినా మనుషులకు పెద్ద హాని ఉండదు. కానీ మిగిలిన గోలీలు ఇంటికి తెచ్చి పడేయవద్దు. కుక్కలు వీటిని ఎక్కువగా తింటే ఒంట్లో ఉప్పు శాతం పెరిగి ప్రాణం మీదికి వస్తుందని పశువైద్యులు గుర్తించారు.

ఎక్కడ పుట్టింది?

ఈ పరికరం మొదట ఆట కోసం చేసింది కాదు. అమెరికాలో అడవి పని చేసేవారు నరకవలసిన చెట్ల మీద, పశువులు కాసేవారు మందలోని పశువుల మీద దూరం నుంచి గుర్తు వేయడానికి దీన్ని వాడేవారు. అందుకే దీనికి మార్కర్, అంటే గుర్తు వేసేది అనే పేరు వచ్చింది. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్ దగ్గర అడవిలో 12 మంది వీటితో మొదటి ఆట ఆడారు. జెండాలు దక్కించుకోవాలన్నది పోటీ. గెలిచిన రిచీ వైట్ అడవిలో చెట్ల పని చేసే మనిషి. ఆయన ఒక్క గోలీ కూడా పేల్చకుండా, ఎవరి కంటా పడకుండా జెండాలన్నీ తీసుకొని బయటికి వచ్చాడు. ఈ ఆటలో గెలుపు ఎక్కువ గోలీలు కాల్చడంలో లేదని ఆ మొదటి రోజే తెలిసింది.

అక్కడి నుంచి ఆట దేశదేశాలకు పాకింది. మన ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీదే హైదరాబాదు దాటి విజయవాడ వైపు వెళ్తే రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. అక్కడి సాహస క్రీడల విభాగంలోనూ, నగరం చుట్టూ ఉన్న మరికొన్ని చోట్లా ఈ ఆట ఉంది.

కంటికే ఎందుకు ప్రమాదం?

మామూలుగా వాడే రంగు గోలీ వ్యాసం సుమారు 17 మిల్లీమీటర్లు. అంటే పిల్లలు వీధిలో ఆడుకునే గాజు గోలీ అంత. బరువు సుమారు 3 గ్రాములే. కానీ దాని వేగం సెకనుకు 300 అడుగుల దాకా ఉంటుంది. ఇది గంటకు సుమారు 330 కిలోమీటర్లతో సమానం. ఫాస్ట్ బౌలర్ వేసే బంతి కన్నా రెండింతలు వేగం. ఒంటి మీద తగిలితే గుండ్రంగా కందిపోతుంది, నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. కంటికి తగిలితే సంగతి వేరు.

మీ వేళ్ళతో కంటి చుట్టూ తడిమి చూడండి. పైన కనుబొమ్మ ఎముక, కింద చెంప ఎముక, పక్కన ముక్కు ఎముక తగులుతాయి. ఇవన్నీ కలిసి కంటికి ప్రహరీ గోడలా ఉంటాయి. ఈ ఎముకల మధ్య ఉన్న ఖాళీ సుమారు 4 సెంటీమీటర్ల వెడల్పు, మూడున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. క్రికెట్ బంతి 7 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు దెబ్బలో ఎక్కువ భాగాన్ని ఈ ఎముకలే భరిస్తాయి. రంగు గోలీ రెండు సెంటీమీటర్లు కూడా లేదు. అది ఏ ఎముకకూ తగలకుండా నేరుగా కనుగుడ్డుకే తగులుతుంది. ప్రహరీ ఎంత గట్టిదైనా గేటులోంచి వచ్చేదాన్ని ఆపలేదు కదా!

రెప్ప మూసుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. అంత వేగంతో వచ్చే గోలీకి రెప్ప మూసుకునే వ్యవధి ఉండదు. మూసుకున్నా రెప్ప చాలా పలుచనిది.

అమెరికాలోని మయామీ నగరంలో వైద్యులు 1998 నుంచి 2005 వరకు పెయింట్‌బాల్ దెబ్బలతో వచ్చిన 36 మంది వివరాలు పరిశీలించారు. వారిలో 29 మందికి కంటి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ఇలాంటి దెబ్బలు ఎక్కువగా యువకులకు, పర్యవేక్షణ లేకుండా ఆడినప్పుడు తగులుతున్నాయని వారు గమనించారు. సరైన మాస్కు ముఖం మీద ఉన్నంతసేపు కంటికి ఈ భయం ఉండదు. దెబ్బంతా మాస్కు తీసిన ఆ నాలుగు క్షణాల్లోనే తగులుతుంది.

మా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి

కుటుంబం వారి అనుమతితో, పేరు చెప్పకుండా ఒక సంగతి రాస్తున్నాము.

డిగ్రీ రెండవ సంవత్సరం చదివే ఒక అబ్బాయి రెండవ శనివారం నాడు ఏడుగురు స్నేహితులతో పెయింట్‌బాల్‌కు వెళ్ళాడు. వాళ్ళమ్మ ముందే వద్దన్నది. "వాళ్ళందరూ పోతున్నరమ్మా, నేనొక్కణ్ణే ఉంటనా" అని బతిమాలి వెళ్ళాడు. మైదానం వారు మాస్కులు ఇచ్చారు, తీయవద్దని చెప్పారు కూడా. మూడో ఆట నడుస్తుండగా చెమటకు మాస్కు అద్దం మీద ఆవిరి పట్టి ఏమీ కనబడలేదు. టైర్ల చాటున కూర్చుని, ఎవరూ లేరనుకొని, మాస్కు నుదుటి మీదికి ఎత్తి చెమట తుడుచుకున్నాడు. అటు పక్క నుంచి వచ్చిన స్నేహితుడు అలికిడి విని గోలీ పేల్చాడు. అది ఎడమ కంటికి తగిలింది.

కన్ను మంట పుట్టింది, నీళ్ళు కారాయి, చూపు మసకబారింది. కడుక్కొని కాసేపు కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో బండిలో కూర్చొని వస్తుండగా చూపు కొంచెం తేటపడింది. తగ్గిపోయిందనుకున్నారు. ఇంట్లో చెప్పవద్దని స్నేహితులందరూ ఒట్టు పెట్టుకున్నారు. "ఏమైంది బిడ్డా కంటికి?" అని తల్లి అడిగితే "ఏం లేదమ్మా, బండిల పురుగు పడ్డది" అన్నాడు.

పురుగే అనుకొని నాయనమ్మ పడుకునే ముందు రెండు చుక్కలు ఆముదం వేసింది. పొద్దున లేచేసరికి మళ్ళీ చూపు మసకగా ఉంది. మందుల షాపులో నొప్పి మాత్ర కొనుక్కొని వేసుకున్నాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని ఆదివారం ఆరాధనకు కూడా వచ్చాడు. సాయంత్రానికి కన్ను, తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. రాత్రి 9 గంటలకు క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. అప్పటికి దెబ్బ తగిలి 30 గంటలు అయింది.

మా సిస్టర్ టార్చి లైటు వేసి చూసింది. నల్లగుడ్డు కింది భాగంలో, గ్లాసు అడుగున మిగిలిన షర్బత్‌లాగా, ఎర్రటి గీత నిలిచి ఉంది. "పురుగు పడితే ఇట్లా కాదు బాబూ, నిజం చెప్పు" అని డ్యూటీ డాక్టరు గారు అడిగాక, తల్లి ముఖం చూసి ఏడ్చి, అప్పుడు చెప్పాడు.

లోపల ఏం జరిగింది?

కన్ను నీళ్ళు నింపిన చిన్న బుడగలాంటిది. ఎదురుగా గట్టి దెబ్బ తగిలితే ముందు నుంచి వెనక్కి అణిగి, పక్కలకు సాగుతుంది. ఆ సాగడంలో లోపలి సన్నని రక్తనాళాలు తెగుతాయి. నల్లగుడ్డు పైన ఉండే పారదర్శకమైన పొరకూ, దాని వెనుక ఉన్న రంగు పొరకూ మధ్య స్వచ్ఛమైన నీరు ఉండే చిన్న ఖాళీ ఉంది. రక్తం అక్కడ చేరుతుంది. దీనిని హైఫీమా అంటారు.

కూర్చున్నప్పుడు రక్తం బరువుకు కిందికి దిగుతుంది. అప్పుడు కంటిపాప ముందు తేటగా ఉండి చూపు బాగుపడినట్లు అనిపిస్తుంది. పడుకోగానే అదే రక్తం పరుచుకొని మళ్ళీ మసక వస్తుంది. బండిలో కూర్చుని వస్తుంటే "తగ్గింది" అనిపించడానికీ, పొద్దున లేవగానే మసకగా ఉండడానికీ కారణం ఇదే. చూపు తేటపడిందంటే గాయం మానిందని అర్థం కాదు.

కంటి లోపల పుట్టే నీరు సన్నని జల్లెడలాంటి దారి గుండా బయటికి పోతూ ఉంటుంది. రక్తకణాలు ఆ దారికి అడ్డుపడితే నీరు పోక కంటి ఒత్తిడి పెరుగుతుంది. తీవ్రమైన నొప్పి, వాంతులు అందుకే వస్తాయి. ఒత్తిడి ఎక్కువసేపు నిలిచి ఉంటే చూపు నరం శాశ్వతంగా దెబ్బతింటుంది. మరొక ప్రమాదం కూడా ఉంది. మొదటి అయిదు రోజుల్లో గడ్డకట్టిన చోట కదిలి, మళ్ళీ రక్తం కారవచ్చు. రెండోసారి కారేది తరచుగా మొదటిదానికన్నా ఎక్కువగా ఉంటుంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్‌లాంటి నొప్పి మాత్రలు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి కనుక ఈ సమయంలో అవి మంచివి కావు.

ఆ రాత్రే కంటికి కాపు పెట్టి, తల ఎత్తుగా ఉంచి, రెఫర్ చీటీ రాసి హైదరాబాదులోని కంటి ఆసుపత్రికి పంపించాము. అక్కడ మందులతో ఒత్తిడి తగ్గించారు. వారం రోజుల్లో రక్తం కరిగిపోయింది, చూపు దాదాపు మునుపటిలాగే వచ్చింది. అయితే ఆ నీటి దారి కొంత చిరిగిందని డాక్టర్లు చెప్పారు. ఇలాంటి కంటికి ఏళ్ళు గడిచాక కూడా నీటికాసులు, అంటే గ్లాకోమా రావచ్చు. కాబట్టి ఆ బాబు ఏటా కంటి ఒత్తిడి చూపించుకుంటూనే ఉండాలి. ఇరవై ఏళ్ళ వయసులో జీవితాంతం చేయవలసిన ఒక పని వచ్చిపడింది.

కంటికి దెబ్బ తగిలితే వెంటనే చేయవలసినవి

1. ఆట ఆపించి, బయటికి తీసుకువచ్చి కూర్చోబెట్టండి. పడుకోవలసి వస్తే తలగడలు పెట్టి తల ఎత్తుగా ఉంచండి.

2. కన్ను నలపవద్దు, నొక్కవద్దు. కంటి మీద దూది పెట్టి గట్టిగా కట్టు కట్టవద్దు. శుభ్రమైన పేపర్ టీ కప్పు అడుగు భాగాన్ని కత్తిరించి, దాని అంచు కంటి చుట్టూ ఉన్న ఎముకల మీద ఆనేలా, కనుగుడ్డుకు తగలకుండా పెట్టి, టేపుతో అంటించండి. కంటికి ఇదే మంచి కాపు.

3. దెబ్బ లేకుండా రంగు మాత్రమే కంట్లో పడితే శుభ్రమైన నీటితో 15 నిమిషాలు ధారగా కడగండి. గోలీ నేరుగా తగిలి కన్ను చితికిందేమో, చిరిగిందేమో అనే అనుమానం ఉంటే కడగవద్దు, రెప్పలు బలవంతంగా తెరవవద్దు.

4. నోటికి ఏమీ ఇవ్వకండి. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉండాలి.

5. ఎంత చిన్న దెబ్బ అయినా, చూపు బాగానే ఉన్నా, అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. కంటి లోపలి భాగాలు టార్చి లైటుకు కనబడవు, అందుకు వేరే యంత్రం కావాలి.

6. సికిల్ సెల్ జబ్బు ఉన్నా, కుటుంబంలో ఎవరికైనా ఉన్నా డాక్టరుకు తప్పక చెప్పండి. అలాంటివారిలో కొద్దిపాటి రక్తం కూడా కంటి నరానికి ఎక్కువ హాని చేస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు కూడా చెప్పాలి.

కంటిపాప గుండ్రంగా కాక కన్నీటి చుక్క ఆకారంలో ఉన్నా, కంట్లోంచి నల్లటిది గానీ జిగురులాంటిది గానీ బయటికి వచ్చినట్లున్నా, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు కంటి ప్రమాదానికి కూడా వస్తుందని చాలామందికి తెలియదు. హైదరాబాదులో మెహిదీపట్నం దగ్గర ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. దీపావళి రాత్రి టపాసుల దెబ్బలతో జనం పరుగెత్తేది అక్కడికే. బంజారాహిల్స్‌లో 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. మన ఊరి నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. పెయింట్‌బాల్ మైదానాలు హైదరాబాదు చుట్టూనే ఉన్నాయి కాబట్టి, దెబ్బ తగిలితే ముందు అక్కడి కంటి ఆసుపత్రికి వెళ్ళి, ఆ తరువాతే ఇంటికి రండి. ఆ అబ్బాయి కంటి ఆసుపత్రులున్న నగరం నుంచి ఊరికి వచ్చి, మరుసటి రాత్రి మళ్ళీ అదే నగరానికి వెళ్ళవలసి వచ్చింది.

చేయకూడనివి

ఆముదం, తల్లిపాలు, తేనె, ఆకు పసరు, రోజ్ వాటర్ వంటివి కంట్లో వేయవద్దు. పెద్దలు ప్రేమతోనే వేస్తారు, మాకు తెలుసు. కానీ చిరిగిన కంట్లోకి వీటితో పాటు క్రిములు కూడా వెళ్తాయి. ఇంట్లో మిగిలిన పాత చుక్కల మందు వేయవద్దు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు కొనవద్దు.

చికిత్స పూర్తయిన తరువాత కూడా కంటి ముందు మెరుపులు మెరిసినా, నల్లటి చుక్కలు ఈగల్లా తిరిగినా, ఒక పక్క నుంచి తెర దించినట్లు చీకటి కమ్మినా వెంటనే వెళ్ళండి. ఇవి కంటి వెనుక ఉన్న రెటీనా పొర ఊడుతున్నదనడానికి గుర్తులు. దెబ్బ తగిలిన కంటికి మోతిబిందు కూడా చిన్న వయసులోనే రావచ్చు.

ఆటకు వెళ్ళేవారు ముందుగా చూసుకోవలసినవి

పెయింట్‌బాల్ కోసమే తయారైన, కళ్ళు, ముక్కు, నోరు, చెవులు కప్పే మాస్కు ఉండాలి. నల్ల కళ్ళద్దాలు, మోటార్ సైకిల్ అద్దాలు, వెల్డింగ్ అద్దాలు దీనికి సరిపోవు. పగిలిన, గీతలు పడిన అద్దం ఉన్న మాస్కు ఇస్తే మార్చమని అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు. పరుగెత్తినా, కింద పడినా జారిపోకుండా పట్టీ బిగించుకోండి. చూపు అద్దాలు వాడేవారు వాటి మీద నుంచి సరిపోయే మాస్కు తీసుకోవాలి.

మైదానం వారు మార్కర్ వేగాన్ని యంత్రంతో కొలిచి చూశారా అని అడగండి. ఆట బయట ఉన్నప్పుడు మార్కర్ గొట్టానికి తొడుగు వేసి ఉంచాలి. ఎదుటివారు మరీ దగ్గరగా ఉంటే కాల్చకుండా "ఔట్" అని చెప్పి వదిలేయడం మంచి ఆటగాడి లక్షణం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మైదానంలో ఉన్నంతసేపు మాస్కు తీయవద్దు. ఆవిరి పడుతుంది, చెమట కారుతుంది, ఉక్క పోస్తుంది, మాకు తెలుసు. మన వేసవిలో అది తప్పదు. అప్పుడు చేయి పైకెత్తి "ఔట్" అని అరిచి, మార్కర్ కిందికి దించి, రక్షణ వల దాటి బయటికి వచ్చిన తరువాతే మాస్కు తీయండి. కనబడకపోతే అక్కడే కూర్చొని అరవండి, మైదానం మనిషి వచ్చి చేయి పట్టుకొని బయటికి తెస్తాడు. ఒక ఆట ఓడిపోతారు, అంతే. ఆట ముగిసిందని ఈల వేసినా బయటికి రాకముందే మాస్కు తీయకూడదు. ఈల వినబడనివారు ఒకరు ఎప్పుడూ ఉంటారు.

పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు, మడమ జారని బూట్లు వేసుకోండి. నీళ్ళు ఎక్కువగా తాగండి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు వెంట ఉంచుకోండి. ఉబ్బసం ఉన్నవారు పీల్చే మందు జేబులో పెట్టుకోండి. ఒంటి మీద కందిన చోట గుడ్డలో చుట్టిన ఐసు ముక్కను 10 నిమిషాలు పెడితే చాలు. గొంతుకు, చెవికి, మగపిల్లలకు వృషణాలకు గట్టి దెబ్బ తగిలితే డాక్టరుకు చూపించాలి.

మన వీధి ఆటల్లోనూ ఇదే సూత్రం

పెయింట్‌బాల్‌కు వెళ్ళేవారు కొందరే. కానీ ఎముకల ప్రహరీ దాటి కంటికి తగిలే చిన్న వస్తువులు మన వీధుల్లో చాలా ఉన్నాయి. చిర్రగోనె ఆటలో ఎగిరే చిర్ర, గులేరుతో కొట్టే రాయి, బొమ్మ తుపాకీ ప్లాస్టిక్ గుండు, పుల్లతో చేసిన బాణం, హోలీ నాడు దూరం నుంచి విసిరే రంగునీళ్ళ బుగ్గ, ఇవన్నీ అలాంటివే. వీటి దెబ్బకు కూడా పైన రాసిన ప్రథమ చికిత్సే చేయాలి. చిర్రగోనె ఆడేటప్పుడు చిన్న పిల్లలను ఎదురుగా నిలబెట్టవద్దు. బాణాలు, బొమ్మ తుపాకులు ముఖానికి గురి పెట్టకూడదని ఇంట్లోనే నేర్పండి.

తల్లిదండ్రులకు, పిల్లలకు ఒక మాట

ఆ అబ్బాయికి ఆట వల్ల కలిగిన నష్టం సగం. దాచడం వల్ల కలిగిన నష్టం సగం. ఆ 30 గంటల్లో తప్పు ఎవరిదని మేము లెక్క వేయడం లేదు. తిడతారని అతను దాచాడు. దాచాడు కాబట్టి నాయనమ్మ ఆముదం వేసింది, షాపులో మాత్ర కొన్నాడు, తల పల్లంగా పెట్టి పడుకున్నాడు. నిజం ఎవరికీ తెలియకపోతే ప్రేమించేవారు కూడా తెలియక హాని చేస్తారు.

పిల్లలారా, వద్దన్న పని చేసి దెబ్బ తగిలించుకున్నా సరే, ముందు చెప్పండి. తిట్లు రెండు రోజులుంటాయి, కన్ను జన్మంతా కావాలి. స్నేహితులకు కూడా ఇదే మాట. "చెప్పొద్దు" అని ఒట్టు పెట్టించుకోవడం స్నేహం కాదు. వాళ్ళింట్లో మీరు చెప్పడమే స్నేహం.

తల్లిదండ్రులారా, బిడ్డ దెబ్బతో వచ్చినప్పుడు మొదటి మాట "నేను ముందే చెప్పలేదా?" అని కాకుండా "ఎక్కడ తగిలింది? ఎన్ని గంటలకు తగిలింది?" అని అడగండి. డాక్టరుకు కావలసిన ప్రశ్నలు కూడా అవే. మందలించడానికి తరువాత ఎంతో సమయం ఉంటుంది.

ఆ రాత్రి క్యాజువాలిటీ బయట బెంచీ మీద ఇంకో అబ్బాయి తల వంచుకొని కూర్చున్నాడు. "నా చేతులనే అయ్యింది సిస్టరమ్మా" అని మా సిస్టర్‌తో అన్నాడు. అంబులెన్సు కదిలేటప్పుడు ఆ తల్లి అతన్ని పిలిచి "నువ్వు కూడ ఎక్కు బిడ్డా" అన్నది. ఇద్దరూ ఇప్పుడు కలిసే కాలేజీకి వెళ్తున్నారు. ఏటా కంటి పరీక్షకు వెళ్ళవలసిన తేదీని గుర్తు చేసే పని ఆ స్నేహితుడే తీసుకున్నాడు.

కాబట్టి సంతోషంగా వెళ్ళి ఆడుకోండి, మాస్కు తీయకుండా ఆడండి, ఏమైనా జరిగితే దాచకుండా చెప్పండి. సందేహం ఉంటే పగలైనా రాత్రైనా మా క్యాజువాలిటీ తలుపు తెరిచే ఉంటుంది.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది తరఫున